పాప ఇంకా పాకలేదని మీ మురిపెం దాచుకోకండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాపకు ఏడున్నర నెలలు, నెలలు నిండాకే పుట్టింది, పుట్టినప్పుడు మూడు కేజీల బరువు. బోర్లా పడుతుంది, మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది, చేతులు ముందుకు ఆనించుకుని కాసేపు కూర్చుంటుంది, బొమ్మని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంది, "తతత", "మమమ" అంటుంది, కొత్తవాళ్లు ఎత్తుకుంటే మీ కోసం ఏడుస్తుంది. పాకడం మాత్రం ఇంకా రాలేదు. మీ ఆడపడుచు బాబు అదే నెలలో పుట్టి ఇల్లంతా దోగాడేస్తున్నాడు. మీ ఫోన్‌లో పిల్లల ఎదుగుదల చూసే యాప్ పాకడం దగ్గర ఎర్ర గుర్తు పెట్టింది. మీ పెద్దవాళ్లేమో "ప్రతిదానికీ అంతలా మురిసిపోకు, దిష్టి తగులుతుంది" అంటున్నారు. అందుకే పాప ఏదైనా కొత్తగా చేస్తే సంతోషపడాలో భయపడాలో తెలియడం లేదని రాశారు.

నేను పిల్లల డాక్టర్‌ని. గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్లుగా ప్రత్యేకంగా పిల్లల ఎదుగుదలే చూస్తున్నాను, ఇద్దరు పిల్లల తల్లిని, ఇప్పుడు అమ్మమ్మని కూడా. మీ రెండు ప్రశ్నలకీ విడివిడిగా జవాబు చెబుతాను, కానీ నా దృష్టిలో ఆ రెండూ ఒకటే ప్రశ్న.

ముందు టెన్షన్ సంగతి. మీరు రాసిన దాన్నిబట్టి పాపకు ఏ ఆలస్యమూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన లెక్కలు ఒకసారి చూడండి. మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న 816 మంది పిల్లల్ని నెలనెలా గమనించి కట్టిన లెక్కలివి. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య. చేతులూ మోకాళ్ల మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య. ఏదీ పట్టుకోకుండా నిలబడటం 6.9 నుంచి 16.9, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. అంటే అయిదున్నర నెలలకు పాకిన బాబూ, పదమూడో నెలలో పాకిన పాపా ఇద్దరూ మామూలు పిల్లలే. ఇంకో మాట, అదే అధ్యయనంలో నూటికి నలుగురైదుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు పాకనే లేదు. కొందరు పిల్లలు కూర్చునే జరుగుతారు, కొందరు పొట్ట మీద ఈడ్చుకుంటూ వెళ్తారు, కొందరు దొర్లుకుంటూ గది ఆ చివరికి చేరతారు, ఇంకొందరు వీటన్నిటినీ దాటేసి తిన్నగా మంచం కోడు పట్టుకుని లేచి నిలబడతారు. అందుకే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో పిల్లలు ఏ నెలకి ఏం చేయాలో చెప్పే తన జాబితాని మార్చినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది. మీ యాప్ ఏ పాత పట్టిక చూసి ఎర్ర గుర్తు పెట్టిందో గానీ, దాని కోసం మీరు నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇక రెండోది, "నేను అతిగా మురిసిపోతున్నానా" అన్నది. ఇది నాకు పాకడం కన్నా చాలా పెద్ద విషయం. పిల్లల ఎదుగుదలలో తల్లి మురిపెం పక్కన జరిగే సంబరం కాదమ్మా, పని జరిగేదే దానివల్ల. బిడ్డ ఏదో ఒకటి చేస్తుంది, మీ ముఖం వెలిగిపోతుంది, ఆ వెలుగు చూసి బిడ్డ మళ్లీ చేస్తుంది. అలా మళ్లీ మళ్లీ చేయడం వల్లే అది వంటబడుతుంది.

ఇది కవిత్వం కోసం చెబుతున్న మాట కాదు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970ల్లో ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతూ ఆడుతూ కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తూ ఉండాలి, అంతే. ఏం జరిగిందంటే, బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, గొంతు పెంచుతుంది, తల్లిని మళ్లీ ఆటలోకి లాగడానికి తనకి తెలిసిన విద్యలన్నీ చూపిస్తుంది. అప్పటికీ ముఖం కదలకపోతే తల తిప్పేసుకుని ఏడుస్తుంది. కొద్ది నెలల పసిబిడ్డకి తల్లి ముఖం అంత అవసరం. 2003లో ఇంకో ప్రయోగం వచ్చింది, దాదాపు మీ పాప వయసు వాళ్ల మీదే, ఎనిమిది నెలల పిల్లలు. పిల్లలు గొంతు చేసిన ప్రతిసారీ వెంటనే తల్లి నవ్వి, దగ్గరికి జరిగి, తాకితే, ఆ కాసేపట్లోనే వాళ్ల పలుకు మెరుగైంది, వట్టి అచ్చుల్లాంటి శబ్దాలు పోయి మాటకు దగ్గరగా ఉండే అక్షరాలు పెరిగాయి. తల్లులు అంతే నవ్వారు కానీ బిడ్డ గొంతుతో సంబంధం లేకుండా ఎప్పుడో నవ్విన చోట ఆ మార్పు రాలేదు. అంటే బిడ్డ చేసిన దానికి జవాబుగా వచ్చే మురిపెమే పనిచేస్తుంది. మీ పాప "తతత" అనగానే మీరు చేస్తున్న పని ఆపేసి "ఏంటమ్మా, తాత కావాలా? తాతకి ఫోన్ చేద్దామా?" అని ముఖంలో ముఖం పెడతారు చూడండి, అదే. ఏ థెరపిస్టూ ఇంతకన్నా మంచి పద్ధతి చెప్పలేరు.

దిష్టి అంటారా, పెద్దవాళ్ల మనసు నొప్పించొద్దు. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తామంటే తిప్పనివ్వండి, అరికాల్లో చుక్క పెట్టుకోనివ్వండి. కంట్లో కాటుక మాత్రం వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, కళ్లకి ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. దిష్టి తీయడానికీ మీరు సంతోషపడటానికీ ఏమీ గొడవ లేదు, రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

అసలు మురిసిపోవద్దని మన పెద్దవాళ్లే అనడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే బిడ్డ ప్రతి అడుగునీ మనంతగా పండగ చేసుకునేవాళ్లని నేను ఎక్కువగా చూడలేదు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, పలుకులకు పంచదార చిలకలు, అడుగులేస్తే అరిసెలు. ఊరూరికీ కొంచెం మారుతుంది, మీ అమ్మగారిని అడిగితే మీ వైపు ఏ వంట చేస్తారో చెబుతారు. దీంట్లో నాకు చాలా ఇష్టమైన సంగతి ఏంటంటే ఎక్కడా నెల లెక్క లేదు. నాలుగో నెలలో బొబ్బట్లు చేయాలని ఎవరూ అనలేదు, బిడ్డ బోర్లా పడిన రోజే చేస్తారు. అయిదో నెలలో పడితే అయిదో నెలలో చేస్తారు. ముహూర్తం పెట్టేది బిడ్డే. చేసినవి ఇంట్లోవాళ్లే తినకుండా ఇరుగుపొరుగుకి పంచిపెడతారు, అంటే మా పాప ఇది నేర్చుకుందని వీధి వీధంతా తెలియజేస్తారు. అరిసెల దగ్గరైతే మరీనూ, అరిసెలు వరసగా పరిచి బిడ్డ చేతులు పట్టుకుని వాటి మీద అడుగులు వేయిస్తారు, తర్వాత వాటినే పిల్లలకీ ముత్తయిదువలకీ పంచుతారు. ఇంత సంబరం చేసుకునే ఇళ్లలో తల్లి ఒక్కతే నవ్వు దాచుకోవాలంటే ఎలా? మీ పాప బోర్లా పడినప్పుడు బొబ్బట్లు చేయలేకపోయామని బాధపడుతూ రాశారు కదా, బెంగళూరులో ఇద్దరే ఉంటున్నారని, కుదరలేదని. ఆసరా లేకుండా కూర్చున్న రోజు కుడుములు చేయండి. బియ్యం రవ్వ, కాస్త శనగపప్పు, ఆవిరి మీద పావుగంట, ఉద్యోగం చేసే మనిషికి కూడా కష్టం కాదు. పక్క ఫ్లాట్‌లో కన్నడం వాళ్లుంటే వాళ్లకీ నాలుగు పంపండి.

ఇప్పుడు ఏడాదిలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఏం చూసి సంతోషపడాలో చెబుతాను. నా ఇష్టాయిష్టాలు కూడా ఇందులో ఉంటాయి.

పుట్టిన బిడ్డకి బాగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. పాలిచ్చేటప్పుడు బిడ్డ ముఖానికీ మీ ముఖానికీ మధ్య ఉండే దూరం కూడా అంతే. గొంతు అంతకు ముందే తెలుసు, కడుపులో ఉండగానే విన్నది కాబట్టి పుట్టిన కొద్ది రోజులకే వేరే ఆడవాళ్ల గొంతు కంటే తల్లి గొంతు కోసమే ఎక్కువ ప్రయత్నిస్తారని 1980 నాటికే తేలింది. మొదటి వారాల్లో నిద్రలో నవ్వితే దేవుడు ఆడిస్తున్నాడంటారు పెద్దలు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వచ్చేది వేరే నవ్వు, కళ్లతో సహా, మీ ముఖం చూసి, మీ కోసమే నవ్వేది. అప్పటిదాకా నిద్రలేని రాత్రులూ, పాలు చాలుతున్నాయో లేదోనన్న బెంగా, కుట్ల నొప్పీ అన్నీ భరించిన తల్లికి తిరిగి వచ్చే మొదటి పలకరింపు అది. ఆరు వారాల టీకాకి వచ్చిన తల్లులు గదిలోకి వస్తూనే "నవ్విందండీ" అని చెబుతారు, టీకా సంగతి తర్వాత. నేనూ టీకా కన్నా ముందు ఆ నవ్వే చూస్తాను, ఎందుకంటే ఆ ఒక్క నవ్వులో బిడ్డ చూపూ, మెదడూ, మనిషితో కలిసే గుణమూ మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

తర్వాత మెడ నిలవడం. మూడు నాలుగు నెలలకి. ఎదుగుదల తల దగ్గర మొదలై కిందికి దిగుతుంది, మెదడు నుంచి కండరాలకి వెళ్లే నరాలకి పైపొర ఏర్పడేది కూడా అదే వరసలో, అందుకే ముందు మెడ, తర్వాత వీపు, నడుము, ఆఖరికి కాళ్లు. ఈ వరస తెలిస్తే చాలా ఆందోళన తగ్గుతుంది. మీ పాప ఇప్పుడు వీపు దాటి నడుము దగ్గర ఉంది. చేతులు ఆనించుకుని కూర్చోవడం అంటే అదే, ఇంకొన్ని వారాల్లో ఆ చేతులు నేల వదిలి బొమ్మ పట్టుకుంటాయి. కూర్చున్న బిడ్డకి రెండు చేతులూ ఖాళీ అవుతాయి, అక్కడ్నించి ఆటే మారిపోతుంది.

చేతుల గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు, నాకు మాత్రం నడక కన్నా చేతులు చూడటమే ఇష్టం. పుట్టినప్పుడు గుప్పిళ్లు మూసుకుని ఉంటాయి, వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటారు, అది వాళ్ల ఇష్టంతో జరిగేది కాదు. మూడు నాలుగు నెలలకి ఆ పట్టు వదిలి, తన చెయ్యి తానే ముఖం ముందు తిప్పి తిప్పి చూసుకుంటుంది, ఇది నాదేనా అన్నట్టు. అయిదో నెలకి అటూఇటూగా కావలసిన దాని మీదికి చెయ్యి చాస్తుంది, అంతే, ఆ రోజు నుంచి మీ తాళీ, కళ్లజోడూ, కాఫీ గ్లాసూ ఏదీ క్షేమం కాదు. ఆరేడు నెలలకి చేయి మార్చడం, మీ పాప చేస్తున్నది. తొమ్మిది పది నెలలకి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నేల మీద పడ్డ ఒక్క మెతుకునో మరమరాన్నో ఎంతో శ్రద్ధగా ఏరుతుంది. ఆ ఏరడాన్ని పక్కన కూర్చుని చూడండి, ఫోన్ తీయకుండా, ఒక్కసారైనా. మనిషి చేసే ప్రతి పనీ, రాత దగ్గర్నుంచి పూలు గుచ్చడం దాకా, ఆ రెండు వేళ్ల నుంచే మొదలవుతుంది. ఆ రోజుల్లోనే వేరుశెనగ గింజలూ, శనగలూ, గుండీలూ, మాత్రలూ నేల మీద ఉండకుండా చూసుకోవాలి, గొంతుకి అడ్డం పడేవి అవే.

ఎనిమిది తొమ్మిది నెలలకి అటూఇటూగా ఇంకో మార్పు వస్తుంది, దాన్ని చాలామంది చెడ్డ గుణం అనుకుంటారు. అంతవరకు అందరి దగ్గరికీ వెళ్లే బిడ్డ కొత్త ముఖం చూడగానే బావురుమంటుంది. మీరు బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు దగ్గర ఏడుస్తుంది. మీ మామగారు ఎత్తుకుంటే ఏడ్చిందని ఆయన చిన్నబుచ్చుకున్నారని రాశారు. ఆయనకి చెప్పండి, పాప తన మనుషులెవరో, కానివాళ్లెవరో తేల్చుకుంటోందని, ఇది తెలివి పెరుగుతున్న గుర్తని. ఒక వారం పక్కనే కూర్చుని ఆడించమనండి, ఒళ్లోకి తనే వస్తుంది. ఇదే వయసులో కనబడని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందని తెలుస్తుంది, అందుకే చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టి దోబూచి ఆడితే అంతగా కేరింతలు కొడుతుంది. మూడో నెలలో అదే ఆట ఆడితే అంత నవ్వు రాదు. చెంచా కింద పడేసి మీరు తీసిస్తే మళ్లీ పడేస్తుంది, అది మొండితనం కాదు, కిందికి వెళ్లింది మళ్లీ వస్తుందా అని పరీక్ష. ఓపికున్నంతసేపు తీసివ్వండి.

పళ్ల గురించి ఒక్క మాట చాలు. ఆరో నెలకి రావచ్చు, ఏడాది నిండాక కూడా రావచ్చు. పైపళ్లు ముందు వస్తే మేనమామకు మంచిది కాదని భయపెడతారు, ఆ మాట మీ అన్నయ్య చెవిన కూడా వేయకండి, అందులో ఏమీ లేదు. బరువు సంగతీ అంతే, అయిదో నెలకి పుట్టినప్పటికి రెట్టింపు, ఏడాదికి సుమారు మూడు రెట్లు, పొడవు ఏడాదిలో ఇంచుమించు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఒక్క నెల చూసి కాదు, చార్టులో గీత ఎటు పోతోందో చూడాలి.

ఏడాది దగ్గరపడుతుండగా రెండు పండగలు ఉన్నాయి. అడుగులు అందరికీ తెలుసు, వీడియోలు తీస్తారు. నాకు దానికన్నా ముఖ్యమైంది వేలు పెట్టి చూపించడం. కిటికీలోంచి కాకినో, ఫ్యాన్‌నో, చంద్రుడినో వేలితో చూపించి, వెంటనే తిరిగి మీ ముఖం చూస్తుంది, "నువ్వూ చూశావా" అన్నట్టు. కావాలని అడగడానికి చూపించడం వేరు, మీతో కలిసి చూడాలని చూపించడం వేరు. ఈ రెండోది వచ్చిన రోజున పాయసం చేయండి, ఎవరూ ఆ రోజుకి వంట పెట్టలేదు గానీ పెట్టాల్సింది. మాటలన్నీ దాని వెనకే వస్తాయి. బెంగళూరులో కన్నడం, ఇంట్లో తెలుగు, రేపు ప్లేస్కూల్లో ఇంగ్లిష్, ఇన్ని భాషలు వింటే మాట ఆలస్యమవుతుందా అని కూడా అడిగారు. అవ్వదు. ఇంట్లో హాయిగా తెలుగులోనే మాట్లాడండి, మీకు మురిపెం ఏ భాషలో వస్తే అందులో.

నడక దగ్గర మీకు నచ్చే ఒక లెక్క ఉంది. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే అమెరికాలో పరిశోధకులు వీడియో తీసి లెక్కపెట్టారు, 2012లో వచ్చింది ఆ అధ్యయనం. సగటున గంటకి 2,368 అడుగులు, 17 సార్లు పడటం. గంటకి పదిహేడుసార్లు పడి లేచే ఓపిక పెద్దవాళ్లలో ఎవరికుంది? బిడ్డకి ఉంది, కానీ పడగానే మీ ముఖం చూస్తుంది. మీరు కెవ్వుమంటే ఏడుస్తుంది, మీరు నవ్వి "లేచేసెయ్" అంటే చాలాసార్లు లేచేస్తుంది. 1985లో ఏడాది పిల్లల్ని ఒక గాజు బల్ల మీద పెట్టి, బల్ల కింద లోతుగా గొయ్యి ఉన్నట్టు కనిపించేలా చేసి, అవతలి ఒడ్డున తల్లిని నిలబెట్టారు. తల్లి ముఖంలో సంతోషం కనిపిస్తే 19 మందిలో 14 మంది దాటేశారు. భయం కనిపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. దిష్టి గురించి భయపడుతున్న మీకు ఇదే నా అసలు జవాబు. పాప ఏం చేయాలో తేల్చుకోవడానికి మీ ముఖమే చూస్తోంది, ఆ ముఖంలో యాప్ పెట్టిన ఎర్ర గుర్తు కనబడకూడదు.

ఇంట్లో ఏం చేయాలి అంటే చేయాల్సింది తక్కువే. నేల మీద వదలండి. చాప పరిచి, పక్కన మీరు కూడా పడుకుని, బొమ్మని చేతికి అందీ అందనంత దూరంలో పెట్టండి. మంచం మీద దిండ్ల మధ్య ఉన్న బిడ్డకి పాకే అవకాశం ఎక్కడిది? మెలకువగా ఉన్నప్పుడు రోజూ బోర్లా ఆడించండి, నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. మీ ఆడపడుచు వాళ్లు వాకర్ కొనిపెడతామన్నారని రాశారు, మర్యాదగా వద్దనండి. వాకర్ నడక నేర్పదు, పైగా మెట్ల మీంచి పడటం, వేడివాటిని లాగేసుకోవడం దానితోనే ఎక్కువ, కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం. నూనె రాసి లాల పోసేటప్పుడు కాళ్లూ చేతులూ కదిలిస్తూ కబుర్లు చెప్పండి, కాళ్లు గట్టిగా లాగడం, ముక్కూ చెవుల్లో నూనె పోయడం వద్దు. మాట త్వరగా రావాలని వస పోస్తామంటే అదీ వద్దు. ఉగ్గు, మెత్తగా మెదిపిన పప్పన్నంలో నెయ్యి, గుడ్డు, ఆకుకూర, పండు పెట్టండి, ఉప్పూ పంచదారా అక్కర్లేదు, ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా నాకించకండి, దాంతో బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఫోన్ చూపిస్తూ తినిపించడం మొదలుపెట్టొద్దు, రెండేళ్లలోపు స్క్రీన్ వద్దని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది. అమ్మమ్మతో వీడియో కాల్ మాత్రం ఫరవాలేదు, అక్కడ అవతలివైపు జవాబు చెప్పే మనిషి ఉంది.

ఇప్పుడు రెండో వైపు. పిల్లలు ఎవరి వేగంలో వాళ్లు ఎదుగుతారన్నది నిజమే కానీ, ఆ మాట చెప్పి అవసరమైన పిల్లల్ని కూడా ఆలస్యంగా తీసుకొచ్చేవాళ్లని చాలామందిని చూశాను, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. మూడు నెలలు నిండినా ముఖం చూసి నవ్వకపోతే, అయిదో నెల వచ్చినా మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, పెద్ద శబ్దానికి ఉలికిపడకపోయినా, తొమ్మిది పది నెలలకి "బబబ", "తతత" లాంటివి ఏవీ లేకపోయినా, ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, టాటా చెప్పడం, చేతులు చాచడం లాంటి సైగలు ఒక్కటీ లేకపోయినా చూపించాలి. ఒళ్లు మరీ బిగుసుకుపోయినట్టున్నా, మరీ వాలిపోతున్నా, ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతూ రెండోది వాడకపోయినా చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన విద్య పోవడం. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోతే, అన్న మాటలు ఆగిపోతే, ఏ వయసైనా సరే, వెంటనే వెళ్లాలి. నెలలు తక్కువై పుట్టిన పిల్లలకి మాత్రం లెక్క వేరు, రెండు నెలలు ముందు పుడితే ఆ రెండు నెలలూ తీసేసి చూడాలి, రెండేళ్ల వయసు వచ్చేదాకా.

ఎక్కడికి వెళ్లాలంటే, మీ పిల్లల డాక్టర్ దగ్గరికి ముందు. ఊళ్లో ఉన్న తల్లులు ఇది చదువుతుంటే వాళ్ల కోసం చెబుతున్నా, 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలకి జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు, పరీక్షలూ థెరపీ ఉచితం. అంగన్‌వాడీ టీచర్‌ని, ఆశా కార్యకర్తని అడిగితే దారి చెబుతారు. ఆశాలు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకి ఇంటికి రావాలి కూడా. టీకాల కోసం ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకి ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది, చాలామంది టీకా తేదీ పేజీ తప్ప ఇంకేదీ తెరవరు.

ఇద్దరు తల్లుల గురించి చెప్పకుండా ఆపలేను. ఒకరు ఉద్యోగానికి వెళ్లే తల్లి. "మొదటి అడుగు ఆయా చూసింది, నేను చూడలేదు" అని నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. మీ సెలవు కూడా అయిపోవస్తోందని రాశారు కదా. బిడ్డ ఒక అడుగు వేసి ఆపేయదు, సాయంత్రం మీరు గుమ్మంలోకి రాగానే మీ వైపు వేసే అడుగు ఉంటుంది, దానికి సాటి ఇంకోటి లేదు. ఇంకొకరు, ఇవన్నీ జరుగుతున్నా సంతోషం రాని తల్లి. బిడ్డ నవ్వినా లోపల ఏమీ కదలదు, ఊరికే ఏడుపొస్తుంది, బిడ్డ నాది కాదన్నట్టు ఉంటుంది, అందరూ "ఇంత బంగారంలాంటి బిడ్డని పెట్టుకుని ఏడుస్తావేంటి" అంటారు. అది ప్రేమ లేకపోవడం కాదు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌కి చెప్పాలి, మందులున్నాయి, తగ్గుతుంది. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ మురిపెం తిరిగి వచ్చిన తల్లుల్ని కూడా నేను చూశాను, పిల్లలు వాళ్లని ఎంత తొందరగా అల్లుకుపోతారో చూశాను.

ఆడపడుచు బాబు పాకితే మనస్ఫూర్తిగా పాయసం తాగి రండి. వాడు మీ పాపకి బావ, పోటీ కాదు. "మీ పాప ఇంకా పాకలేదా" అంటే "కూర్చోవడం నేర్చుకుంటోంది వదినా, వచ్చే వారం కుడుములకి రండి" అనండి. యాప్ తీసేయండి. ఒక నోటు పుస్తకంలో ఏ రోజు ఏం చేసిందో తారీఖు వేసి రాసుకోండి, కూర్చునేదీ, దొర్లేదీ, మాట్లాడేదీ అరనిమిషం వీడియో తీసి పెట్టుకోండి, ఆస్పత్రిలో పిల్లలు ఏడుస్తారే తప్ప ఏదీ చేసి చూపించరు కాబట్టి మీ నోటిమాట కన్నా ఆ వీడియోనే డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తుంది. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా ఉంటుంది, ఆ రోజు కార్డుతో పాటు ఆ పుస్తకమూ వీడియోలూ తీసుకెళ్లండి. అప్పటికి చేతులు ఆనించకుండా కూర్చోకపోతే మాత్రం వాళ్లతో ఆ మాట మీరే ముందు ఎత్తండి, అడిగేదాకా ఆగొద్దు.